ఆయన నికాన్, నా రూళ్ళ పుస్తకం

ముందు కవిత్వం వచ్చింది, కెమెరా తర్వాత. మా వారు పోయాక ఒంటరితనం భరించలేక ఈ రెండూ మొదలుపెట్టానని మా చుట్టాల్లో చాలామంది అనుకుంటారు గానీ, కవిత్వం ఆయన ఉండగానే మొదలైంది, అదీ డయాలసిస్ వార్డులో, మెషీన్ల చప్పుడు మధ్య.

ఆయనది వైజాగ్ స్టీల్ ప్లాంటు, నాది టెలిఫోన్స్. పెళ్ళయిన కొత్తలో ఆయనకీ షిఫ్టులే, నాకూ షిఫ్టులే. ఆయన సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున్నే ఇంటికొచ్చేసరికి నేను డ్యూటీకి బయల్దేరుతుండేదాన్ని, గుమ్మం దగ్గరే కాఫీ గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయేదాన్ని. అలా ఎన్నో ఏళ్ళు మేం కుదురుగా కూచుని మాట్లాడుకున్నది ఇద్దరి వీక్లీ ఆఫ్ ఒకే రోజు పడినప్పుడే. రిటైరయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాంలే అనుకునేవాళ్ళం, అందరూ అనుకున్నట్టే. 2016లో ఆయన రిటైరయ్యారు, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి పెదవాల్తేరులో ఫ్లాట్‌కి వచ్చేశాం, నడిచి సముద్రానికి వెళ్ళేంత దగ్గర్లో ఉండాలని ఆయన పట్టు. రెండేళ్ళు తిరిగాయో లేదో షుగర్ వల్ల కిడ్నీలు పాడయ్యాయన్నారు.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, వారమంతా ఆ మూడు రోజుల చుట్టూనే తిరుగుతుంది, ఎవరైనా శుభలేఖ తెచ్చి ఇస్తే పేర్లు కూడా చూడకుండా ముందు తేదీ చూస్తాం ఆ రోజు డయాలసిస్ పడిందా లేదా అని. నీళ్ళ సంగతి అన్నిటికంటే కష్టం, కొలత దాటి తాగకూడదు. మా ఇంట్లో ఒక స్టీలు చెంబు ఉండేది, దాని లోపల మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసింది, డాక్టరు చెప్పిన కొలతకి. పొద్దున్నే ఆ గీత దాకా నీళ్ళు పోసి పెడితే రాత్రి పడుకునే దాకా ఆయనకి అవే, కాఫీకి అందులోంచే, మజ్జిగకి అందులోంచే, మాత్రలు మింగడానికీ అందులోంచే. మే నెల ఎండల్లో ఆయన బాల్కనీలో నిలబడి సముద్రం వైపు చూస్తుంటే నేను వంటింట్లో కుళాయి కూడా చప్పుడవకుండా తిప్పుకునేదాన్ని.

వార్డులో మొదట్లో పేపర్ చదివి వినిపించేదాన్ని. ఆ వార్తలు వింటే ఆయనకి బీపీ పెరిగేది, టెక్నీషియన్ అబ్బాయి వచ్చి "అమ్మా, ఇంకేవైనా చదవండి" అన్నాడు ఒకరోజు. ఆదివారం పుస్తకంలో ఒక చిన్న కవిత ఉంటే అది చదివాను. ఆయన కళ్ళు మూసుకునే "మళ్ళీ చదువు" అన్నారు. అంతకు ముందు మా ఇంట్లో కవిత్వం ఊసే లేదు, ఆయనకి సినిమా పాటలు, క్రికెట్, ఫొటోలు, నాకు వారపత్రికల్లో సీరియళ్ళు. అక్కణ్ణుంచి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తెచ్చి చదవడం మొదలుపెట్టాను. శ్రీశ్రీ పుట్టింది మన వైజాగ్‌లోనే 1910లో, ఆరుద్ర పుట్టిందీ ఇక్కడే 1925లో, ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో బతుకుతూ ఒక్క పుస్తకం తెరవలేదే అని ఆయన అంటుండేవారు. పక్క బెడ్ మీద ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు, నేను పద్యం తప్పుగా విరిస్తే ఆయనకి నొప్పిగా ఉండేది పాపం, సూది గుచ్చిన చెయ్యి కదపకుండా రెండో చేత్తో గాల్లో తాళం వేసి "ఇక్కడ ఆపాలమ్మా" అని చెప్పేవారు. ఒక సోమవారం వెళ్ళేసరికి ఆ బెడ్ మీద వేరే ఎవరో ఉన్నారు. ఆ వార్డులో బెడ్ మీద మనిషి మారితే ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు మాత్రం మాస్టారికి ఇష్టమైన పద్యం, ఆయన ఆపమన్న చోటల్లా ఆపుతూ, కాస్త గట్టిగానే చదివాను.

2020 జనవరిలో బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ తీసుకున్నాను, ఇక ఆయన దగ్గరే ఉండొచ్చని. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పేషెంట్‌తో వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వడం మానేశారు. డయాలసిస్ ఆపడానికి లేదు కదా, ఆయన ఒక్కరే లోపలికి వెళ్ళేవారు, నేను బయట మెట్ల మీద కూచునేదాన్ని. ఫోన్ చేసి చదివేదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ట్రంకు కాల్స్, మూడు నిమిషాలు అవగానే లైన్లోకి వచ్చి "మూడు నిమిషాలు అయిందండీ, పొడిగించమంటారా" అని అడగాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలుండేవి, లైట్నింగ్ కాల్ అంటే చాలాసార్లు చావు కబురే. ఆ మూడు నిమిషాల్లో మనుషులు ఏం చెప్పుకుంటారో, ఏది చెప్పలేక ఆగిపోతారో పగలూ రాత్రీ విన్నదాన్ని. మంచి కవిత నాకు అలాంటి ట్రంకు కాల్ లాగే ఉంటుంది, టైం అయిపోతోందని తెలిసి అసలు మాట చెప్పేస్తుంది. ఆయన ఫోన్లో వింటూ "పొడిగించండి మేడం" అనేవారు.

రాయడం కూడా అప్పుడే మొదలైంది. డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, ఇవన్నీ రాసుకోడానికి ఒక రూళ్ళ పుస్తకం పెట్టాను. ఎడమ పేజీలో ఆయన లెక్కలు. కుడి పేజీ ఖాళీగా ఉండేది, అందులో మెట్ల మీద కూచున్నప్పుడు తోచింది రాసేదాన్ని. రాసింది ఆయనకి వినిపిస్తే బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు, "ఇందులో ఆ కుక్కపిల్ల ఎందుకొచ్చింది" లాంటివి అడిగేవారు. అలా అడగడం వల్లే నేను ప్రతి మాటకీ ఆలోచించడం నేర్చుకున్నాను.

2022 ఆగస్టులో ఆయన పోయారు. దాని గురించి ఎక్కువ రాయను. అస్థికలు భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కలిపారు.

ఆ తర్వాత వచ్చిన నెలల్లో నేను ఏమీ రాయలేదు. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో రాయడానికి బరువు లేదు, బీపీ లేదు, అది ఖాళీగా ఉంటే కుడి పేజీలోకి చెయ్యి వెళ్ళేది కాదు. పరామర్శకి వచ్చినవాళ్ళు కాలమే అన్నీ మరిపిస్తుందమ్మా అనేవారు. వాళ్ళు ప్రేమతోనే అన్నారు, ఒప్పుకుంటాను, కానీ ఊరికే కూచుంటే కాలం ఏమీ మరిపించదు, పొద్దున్న ఐదింటికి మెలకువ వచ్చి ఏ పనీ లేక మంచం మీద పడి ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు. చెంబు చూస్తే ఇంకో బాధ. నేను గ్లాసు నిండా నీళ్ళు తాగలేకపోయేదాన్ని, సగం తాగాక చెయ్యి ఆగిపోయేది.

రాత్రుళ్ళు ఇంకా కష్టం. డయాలసిస్ కోసం చేతికి చిన్న ఆపరేషన్ చేసి ఫిస్టులా అని పెడతారు, ధమనినీ సిరనీ కలుపుతారు, దాని మీద చెయ్యి వేస్తే లోపల రక్తం జుయ్యిమని పారడం తెలుస్తుంది. ఆ జుయ్యి ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, అందుకని రోజూ చెయ్యి వేసి చూసుకోమంటారు. నాకు అది నిద్రలో కూడా అలవాటైపోయింది, ఆయన ఎడమ చేతి మీద నా అరచెయ్యి పెట్టుకునే పడుకునేదాన్ని. ఆయన పోయాక నేను రాసిన మొదటి కవిత ఇదే, చాలా నెలలకి వచ్చింది:

నీ ఎడమ చేతి మీద
అరచెయ్యి పెట్టి పడుకునేదాన్ని
లోపల జుయ్యిమని ఏరు పారేది
ఇప్పుడు అర్ధరాత్రి
వంటింట్లో ఫ్రిజ్ మోగినా
చెయ్యి అటే వెళ్తుంది

ఇది రాసిన రోజు రాత్రి నిద్ర పట్టింది.

ఇక కెమెరా. ఆయనకి ఫొటోల పిచ్చి పెళ్ళికి ముందు నుంచీ ఉంది. అప్పట్లో యాషికా, ఒక రీల్‌కి 36 ఫొటోలు, కడిగించడానికి డబ్బులు కావాలి కాబట్టి ఆలోచించి ఆలోచించి నొక్కేవారు. సి షిఫ్టు దిగి తిన్నగా ఇంటికి రాకుండా అప్పికొండ వెళ్ళిపోయేవారు, అక్కడ సోమేశ్వరస్వామి గుడి, నందులు, ఇసక, ఎదురుగా సముద్రం. లేదంటే గంగవరం. గంగవరం బీచ్ ఎలా ఉండేదో చూసినవాళ్ళకే తెలుసు, సినిమా షూటింగులు ఎన్ని జరిగేవో. 2009లో పోర్టు మొదలయ్యాక అదంతా పోయింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి తన కోసం ఆయన కొనుక్కున్నది ఒక్క నికాన్ కెమెరాయే. డయాలసిస్ మొదలయ్యాక ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు, కెమెరా కుడి చేత్తోనే పట్టుకుని తీసేవారు, అదీ మానేశాక బ్యాగ్‌లో పెట్టి బీరువాలో పెట్టేశారు.

ఆయన పోయిన మరుసటి ఏడు మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి బీరువా సర్దుతూ బ్యాగ్ తీసింది. లెన్సు లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే లోపల సాలెగూడులాగా తెల్లటి పోగులు. జగదాంబ దగ్గర ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆ పెద్దాయన చూడగానే ఫంగస్ అన్నాడు. సముద్రం గాలి తేమకి మన ఊళ్ళో లెన్సులకి ఇదే జబ్బట, చీకట్లో, గాలాడని బ్యాగ్‌లో, నెలల తరబడి పెడితే అద్దం మధ్యలో బూజు పెరుగుతుంది, ఎక్కువైతే అద్దం మీద పూతని కూడా తినేస్తుంది. విప్పి తుడిచి ఇచ్చాడు. సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టమని చెప్పి, "అన్నిటికంటే ముఖ్యం వాడుతుండాలమ్మా, వెలుతురు చూపిస్తుండాలి, వాడని కెమెరా ఈ ఊళ్ళో బతకదు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను కెమెరా చేతిలోకి తీసుకున్నాను. ఫొటోలు తీద్దామని కాదు, ఆయన లెన్సు పాడవకూడదని. పొద్దున్నే మెలకువ ఎలాగూ వస్తోంది, డబ్బాలోంచి తీసి మెళ్ళో వేసుకుని బీచ్‌రోడ్డుకి నడిచేదాన్ని, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వెనక్కి. మొదట్లో ఏమీ తెలీదు, అన్నీ తెల్లగా మాడిపోయినట్టో నల్లగా మసిలాగో వచ్చేవి. వాకింగ్‌కి వచ్చే కాలేజీ పిల్లలు కొందరు నేర్పారు, అపెర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, షట్టర్ స్పీడ్ అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో అది, తక్కువ వెలుతురులో కూడా ఫొటో వచ్చేలా చేసేది ఐఎస్ఓ, అది ఎక్కువ పెడితే చుక్కలు చుక్కలుగా వస్తుంది ఆంటీ అని. ఆ పిల్లలకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఒకే చోట నిలబడి రోజూ తీయడం వల్ల నాకు ఒకటి తెలిసింది. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఇది ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే జూన్‌లో బాగా ఎడమ పక్క, కైలాసగిరి వైపు జరిగి వస్తాడు, అక్కణ్ణుంచి నెమ్మదిగా కుడికి జరుగుతూ జరుగుతూ డిసెంబర్ నాటికి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు మొగ్గుతాడు, మళ్ళీ వెనక్కి. పుస్తకాల్లో ఉత్తరాయణం దక్షిణాయనం అని చదివినదే, కానీ వరసగా ఫొటోలు పెట్టుకుని చూస్తే ఒళ్ళు జలదరించింది. ఆ ఫొటోల తేదీలు రూళ్ళ పుస్తకంలో ఎడమ పేజీల్లో రాయడం మొదలుపెట్టాను, టైము, సూర్యుడు ఎటు పక్క, మబ్బు ఉందా, అవుటర్‌లో, అంటే హార్బరు బయట సముద్రంలో, ఎన్ని షిప్పులు ఆగున్నాయి. ఎడమ పేజీ నిండేసరికి కుడి పేజీలోకి మళ్ళీ మాటలు వచ్చాయి.

అప్పుడే ఆయన కంప్యూటర్‌లో ఉన్న పాత ఫొటోలు తెరిచాను. డిజిటల్ ఫొటో వెనకాల అన్ని వివరాలూ దాగి ఉంటాయి కదా, ఏ తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, అపెర్చర్ ఎంత, షట్టర్ ఎంత. మా పిల్లలు అది ఎలా చూడాలో చెప్పాక నేను కొన్నాళ్ళు వేరే పనే చెయ్యలేదు. ఆయన అపెర్చర్ ఎప్పుడూ ఎఫ్ 8 పెట్టేవారని తెలిసింది. ఒకే పడవని తీసి, కాసేపు ఆగి, మళ్ళీ తీసి, మళ్ళీ ఆగి తీసినవి చూస్తుంటే ఆ మధ్య ఆగిన నిమిషాల్లో ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎలా నిలబడి ఉంటారో కళ్ళకి కట్టేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, ఆ మర్నాటి నుంచీ తీసినవి ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి, పడిపోయిన చెట్లు, ఆకు అన్నది లేకుండా కాలిపోయినట్టు గోధుమరంగులో నిలబడ్డ కొండలు. అప్పటికి ఇంకా ఈ నికాన్ లేదు, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన చిన్న కెమెరా. అదే కొండల్ని తర్వాత చిగుళ్ళు వచ్చేదాకా వదలకుండా తీశారు. కరెంటు లేక, నీళ్ళు లేక ఊరంతా అల్లాడుతుంటే ఈయన ఫొటోలేంటి అని అప్పుడు చాలామంది అన్నారు. ఇప్పుడు అవి చూస్తే అంత ఓర్పుగా చిగుళ్ళ కోసం కాచుకున్న మనిషితో నేను బతికానని గర్వంగా ఉంటుంది.

ఆ వివరాలు చూస్తూ రాసింది:

ఐదూ యాభై రెండుకి
నువ్వు సూర్యుణ్ణి తీశావు
అదే నిమిషానికి నేను
పాలు పొంగకుండా కాస్తున్నాను
ఒకటే వెలుతురు
నీకు అల మీద
నాకు గిన్నె అంచు మీద

జాలారిపేటలో ఒకావిడ సంగతి చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ నిషేధం అయిపోయాక పొద్దున్నే ఒడ్డున సందడి చూడాలి. ఆవిడ ఇసకలో కూచుని కానాగడతలు ఒక కుప్ప, చిన్న చేపలు ఒక కుప్ప వేరు చేస్తోంది. ఫొటో తియ్యొచ్చా అని అడిగితే తల ఎత్తకుండానే "తియ్యి" అంది. కాసేపయ్యాక "మీయాయనేటి సేత్తాడు" అని అడిగింది. లేరమ్మా అన్నాను. "మాయనా లేడు. గంగలోకెళ్ళేడు, రాలేదు" అంది, చేతులు మాత్రం ఆగలేదు, వేళ్ళ మధ్య పొలుసులు మెరుస్తూనే ఉన్నాయి. తర్వాత "నా మొకం కాదు, సేపలు బాగా పడాల సూడు" అంది. నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చిన ఫొటో అదే, ఆవిడ చేతులు, వెండిలా చేపలు, మణికట్టు మీద ఇసక. ప్రింటు తీయించి ఇస్తే కొంగుకి చెయ్యి తుడుచుకుని మరీ పట్టుకుంది.

ఫోన్లో తీస్తే చాలదా, ఈ బరువెందుకు మెళ్ళో అని మా చెల్లెలు అంటుంది. ఫోన్ మంచిదే, చాలామంది ఫోన్‌తో అద్భుతంగా తీస్తున్నారు. నాకు మాత్రం ఆ బరువు కావాలి. అది మెళ్ళో ఉంటే నేను ఎక్కడికైనా ఒక పని మీద వచ్చిన మనిషిని. ఇది ఎందుకు అంటున్నానో మా తమ్ముడి కూతురి పెళ్ళి గురించి చెప్తే అర్థమవుతుంది.

నేను మేనత్తని. ఆ పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల్లో వేసింది నేను, పేరు పెట్టింది నేను. పెళ్ళి కుదిరాక మంగళస్నానాలకీ, పెళ్ళికూతుర్ని చెయ్యడానికీ ఎవరెవరు ముందుండాలో మాట్లాడుకుంటుంటే నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా, మాట మార్చేశారంతే. భర్త పోయిన ఆడది శుభకార్యంలో ఎక్కడ నిలబడాలో మన ఇళ్ళల్లో ఎవరూ పైకి చెప్పరు, ఆ చోటు వెనక వరసలో, స్తంభం పక్కన, తనంతట తనే వెళ్ళి కూచోవాలి. ఎంత చదువుకున్న ఇళ్ళల్లో అయినా ఇదింకా పోలేదు, పోవాలి. అది ఆ పిల్లకి తెలిసి నాకు ఫోన్ చేసింది, "అత్తా, స్టూడియో వాళ్ళు ఎలాగూ ఉంటారు, నాకు మాత్రం నువ్వు తీసిన ఫొటోలే కావాలి, మామయ్య కెమెరాతో" అని.

గాజువాకలో కల్యాణ మండపం. జీలకర్ర బెల్లం టైముకి అందరూ మండపం చుట్టూ మూగారు, నేను కెమెరాతో ముందుకి వెళ్తుంటే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని "కాస్త ఇటు రామ్మా" అంది మెల్లిగా. ఒక్క క్షణం కాళ్ళు ఆగిపోయాయి. పీటల మీంచి మా పిల్ల తల తిప్పి అందరికీ వినపడేలా "అత్తా, అంత దూరం నుంచి రాదు, దగ్గరికి వచ్చి తియ్యి" అంది. పురోహితుడు గారు కూడా "రండమ్మా రండి, ముహూర్తం దగ్గరపడింది" అని జరిగి చోటిచ్చారు. తెర దింపారు. వాళ్ళిద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి, తమలపాకు కింద నుంచి జీలకర్ర బెల్లం ముద్ద కరిగి అబ్బాయి చెవి పక్కగా కారుతోంది, అది చూసి మా పిల్లకి నవ్వాగడం లేదు, పెదవి పంటి కింద బిగబట్టింది. తీశాను. ఆ పెళ్ళిలో అందరికంటే దగ్గరగా నిలబడి ఆ ముహూర్తం చూసింది నేనే. తర్వాత అదే పెద్దావిడ వచ్చి తన మనవడితో ఒక ఫొటో తియ్యమంది, తీసి పంపించాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి రాసుకున్నదంతా కోపమే, అది ఇక్కడ పెట్టను. కానీ దాని వల్ల ఒక పుస్తకం వెతుక్కుంటూ వెళ్ళాను. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మమ్మ గారు పోయాక ఆవిడ కోసం పద్యాలు రాశారు, వరలక్ష్మీ త్రిశతి. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను, మాస్టారు ఉంటే ఎక్కడ ఆపాలో చెప్పేవారు కదా అనుకుంటూ. అంత మహాకవి అంత ఏడ్చాడు. చదివి నా మనసు చాలా తేలికపడింది, నిజం. దాంతో పాటే ఇంకో మాట కూడా అనిపించింది, భార్య కోసం భర్త ఏడిస్తే కావ్యం అని దండం పెడతాం, భర్త కోసం భార్య ఏడిస్తే "ఎన్నాళ్ళమ్మా ఇంకా" అంటాం. ఆడవాళ్ళు రాయాలి. పోయిన మనిషి గొప్పవాడని రాయక్కర్లేదు, ఆయన చెంబులో గీత గురించి రాసినా చాలు, పప్పులో ఉప్పు లేకుండా తిన్న రోజుల గురించి రాసినా చాలు.

మార్గశిర మాసంలో గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్ళాను. ఆ గుడికి పైకప్పు ఉండదు, అమ్మవారు ఆరుబయటే ఉంటుంది, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు కుంకుమ వేసి పూజ చేసుకోవచ్చు. ఆ రోజు కెమెరా ఇంట్లోనే పెట్టి వెళ్ళాను, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. నువ్వెవరు, నీకెవరున్నారు అని ఆ లైన్లో ఎవరూ అడగలేదు. నా చేత్తో నేను పసుపు వేసి వచ్చాను.

ఇప్పుడు ఒక ఆల్బమ్ తయారుచేస్తున్నాను. ఎడమ పేజీలో ఆయన తీసిన ఫొటో, కుడి పేజీలో అదే చోట అదే టైముకి నేను తీసినది, కింద నాలుగు లైన్లు. అప్పికొండ అయింది, అక్కడ నందుల మీద ఆయన తీసిన నీడ పడాలంటే ఏ నెలలో వెళ్ళాలో ఆయన ఫొటోల తేదీలే చెప్పాయి. కైలాసగిరి అయింది. ఎర్రమట్టి దిబ్బలకి వచ్చే ఆదివారం వెళ్తున్నాం, మా కింద ఫ్లాట్ ఆవిడ కూడా వస్తానంది, ఆవిడ భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు, మొన్న మా వారి పాత యాషికా చేతికిస్తే రీల్ లేకపోయినా కన్ను పెట్టి చాలాసేపు చూసింది. భీమిలి బస్సులో పెందలాడే బయల్దేరాలి, ఎండెక్కితే ఆ ఎరుపు ఫొటోలో రాదు.

గంగవరం పేజీకి మాత్రం కుడి పక్క ఫొటో లేదు. ఆయన తీసిన రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య నిలబడ్డ మా అమ్మాయి, వెనక పడవలు, అన్నీ ఎడమ పక్క ఉన్నాయి, ఇప్పుడు అక్కడ పోర్టు ఉంది, ఆ చోట నిలబడి తీయడానికి లేదు. అందుకని ఆ పేజీలో కవితే పెడదామని కూచుంటే రెండు లైన్లు వచ్చి ఆగిపోయింది, నాకు ఆ బీచ్‌లో అల ఎలా చప్పుడు చేసేదో గుర్తు రావడం లేదు, ఫొటోలో అది ఉండదు కదా. 2009కి ముందు గంగవరం బీచ్‌లో కాసేపైనా కూచున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ రాళ్ళకి నీళ్ళు కొట్టుకున్నప్పుడు ఎలా వినపడేదో, మీకు గుర్తున్నంత, నాకు చెప్పండి.